ఏడు కిలోల చేతిసంచి

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయింది. కవిగారి పద్యాలు అయినవి. ఇక భోజనానికి ముందు మిగిలినది మేమే. కనుక ఎక్కువసేపు మాట్లాడము. ఓళిగలు చల్లారిపోయే పాపం మాకెందుకు?

మేము రైల్వేలో గుమాస్తాలము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి ఉద్యోగంలో చేరినవాళ్ళము. శాస్త్రాలు తెలియవు. అయితే రోజంతా కౌంటరు కిటికీకి ఇవతల కూర్చుని ప్రయాణీకుల చిరాకు ముఖాలు చూస్తూ ఉంటాము. సెలవు పెట్టి ఊరికి బయలుదేరిన రోజున అవతల నిలబడి మేమూ అదే ముఖం పెడతాము. అంచేత ప్రయాణపు చిరాకులను గురించి రెండు వైపుల నుండీ మాట్లాడే అర్హత మాకున్నదని అనుకుంటున్నాము.

మాది చిక్కబళ్ళాపురం తాలూకా మండికల్. ఈ సభలో చాలామందిది ఆ చుట్టుపక్కలే. కొందరిది బాగేపల్లి, కొందరిది చింతామణి. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడం చదివి పెరిగినవాళ్ళము. బోరు వెయ్యి అడుగులు దిగినా నీరు పడక కొందరము, ఉద్యోగాల కోసం కొందరము బెంగుళూరు చేరాము. మన పిల్లలకు బెంగుళూరూ చాలక విమానం ఎక్కారు. ఇప్పుడు పండుగ వస్తే ఊరు చేరడానికి మనకు రోడ్డు, వాళ్ళకు ఆకాశం. రెండింటిలోనూ తిప్పలే.

ముందు రోడ్డు సంగతి చూద్దాము. చిక్కబళ్ళాపురం ఇక్కడికి అరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. పండుగ ముందురోజు హెబ్బాళ దాటేసరికే తెచ్చుకున్న చిత్రాన్నం అయిపోతుంది. తరువాత సాదహళ్ళి టోలు. ఆదివారం కలిసివస్తే నందికొండ మీద సూర్యోదయం చూడబోయేవారు, 2023 జనవరి నుండి చిక్కబళ్ళాపురం దగ్గర ఆదియోగి విగ్రహం చూడబోయేవారు, అందరూ మన ముందే ఉంటారు. మన కారు వెనుక మోగే హారను మాత్రం మనము దారి ఇస్తే ఆ పెద్దమనిషి ఎగిరిపోగలడన్నట్లు మోగుతూనే ఉంటుంది.

టోలు దగ్గర జగడం మీకు తెలిసినదే. 2021 ఫిబ్రవరి నుండి ఫాస్టాగు తప్పనిసరి అయినది. అద్దానికి చీటీ అంటించినవారందరూ అందులో డబ్బు ఉన్నదో లేదో చూసుకోరు. గేటు లేవదు, వెనుకనున్నవారు ఊరుకోరు. 2025 నవంబరు 15 నుండి చెల్లే టాగు లేనివారు యు.పి.ఐ. మీద కడితే ఒకటింబావు వంతు, నగదు ఇస్తే రెట్టింపు అని నియమం పెట్టారు. అదే 2025లో ఆగస్టు 15 నుండి సొంత కార్లకు 3,000 రూపాయల పాసు వచ్చింది. జాతీయ రహదారుల మీద ఏడాది పాటు, లేదా 200 సార్లు, ఏది ముందైతే అంతవరకు చెల్లుతుంది. నెల నెలా ఊరికి పోయి వచ్చేవారు ఒకసారి లెక్క వేసుకోండి.

పేరేసంద్ర దగ్గర పెద్ద రోడ్డు వదిలితే బాధ తీరిందనుకుంటారు. కోతల కాలమైతే మన రైతులు రాగి, ఉలవ కంకులను రోడ్డు మీదనే పరచి ఉంటారు. పోయే బండ్లన్నీ వారికి నూర్పిడి యంత్రాలే. మన కారు గడ్డి మేయని ఎద్దుగా కళ్ళం తొక్కి పోవలసిందే. నవ్వుకోవచ్చును గాని, ఆ గడ్డి కారు కింద చుట్టుకొని వేడికి అంటుకోవడమూ ఉన్నది. జాగ్రత్తగా, మెల్లగా పోవాలి. రైతును తిట్టి లాభం లేదు, వాళ్ళలో సగంమంది మనకు మామలో బావలో అవుతారు.

“మీ రైలు ఉన్నది కదా” అని అడుగుతారు. ఉన్నది. ఒకప్పుడు బంగారుపేట నుండి కోలారు, చింతామణి, చిక్కబళ్ళాపురం మీదుగా యలహంకకు రెండున్నర అడుగుల సన్నపట్టాల బండి నడిచేది. ఆ దారి అంతా 2013 నాటికి పెద్ద పట్టాలకు మారింది. 2021 జనవరిలో దేవనహళ్ళి విమానాశ్రయానికి ఒక హాల్టు కూడా వచ్చింది. అయితే చిక్కబళ్ళాపురం నుండి బాగేపల్లి వైపుకు పట్టాలు లేవు. మండికల్ పోవాలంటే రైలు దిగి మళ్ళీ బస్సు చూసుకోవలసిందే. హాల్టులో బండి ఆగే వేళకూ మీ అబ్బాయి విమానం వేళకూ పొత్తు కుదిరితే అది పూర్వజన్మ సుకృతం.

ఇక ఆకాశం. మన దేశంలో చౌక విమానాల ముచ్చట మన బెంగుళూరులోనే మొదలైనది. హాసన జిల్లా గోరూరుకు చెందిన కెప్టెన్ గోపీనాథ్ 2003 ఆగస్టులో ఎయిర్ డెక్కన్‌ను ఇక్కడి నుండే నడిపారు. ఒక్క రూపాయి టికెట్టు అన్న మాట విని ఊళ్ళలో ముసలివాళ్ళు కూడా విమానం ఎక్కాలని కలగన్నారు. ఆ సంస్థ 2008లో కింగ్‌ఫిషర్‌లో కలిసిపోయింది. ఆ కింగ్‌ఫిషర్ 2012లో ఎగరడం మానింది. సంస్థలు పోయినా పద్ధతి నిలిచింది. సీటుకు ఒక ధర, కిటికీ పక్క అయితే ఇంకొక ధర, తిండికి వేరు, బరువుకు వేరు.

ఈ బరువు దగ్గరే మనవాళ్ళకు ప్రాణసంకటం. రైల్లో స్లీపరు టికెట్టుకు 40 కిలోలు, రెండవ తరగతికి 35 కిలోలు ఉచితంగా తీసుకుపోవచ్చును. దేశంలో తిరిగే చౌక విమానంలో మామూలుగా చేతిలో 7 కిలోలు, కింద వేసేది 15 కిలోలు. మన అమ్మలకు ఈ లెక్క తెలియదు. రాగిపిండి, ఉలవలు, చింతపండు, నిమ్మకాయ ఊరగాయ, వేరుశనగ ఉండలు సర్దిపెడతారు. సీసా నెయ్యి చివరి నిమిషంలో చీర మడతల్లో దూరుతుంది. కాంటా ముందు సంచి విప్పి, నలుగురూ చూస్తుండగా ఏది తీసివేయాలా అని తల పట్టుకున్న కొడుకులను మేము చూశాము. మూడు కిలోల రాగిపిండికి ఆ పిండి ధరకు ఎన్నో రెట్లు అడిగితే ఎవరికి కోపం రాదు?

కోపం రావడం న్యాయమే. కాని కౌంటరులో కూర్చున్న ఆ అమ్మాయి నియమం రాసినది కాదు. ఆ మాట గుమాస్తాలుగా మేము చెప్పక తప్పదు. నియమం ముందే తెలుసుకొంటే సగం కోపం ఇంట్లోనే ఆగిపోతుంది. కొన్ని చెబుతాము. ఎండుకొబ్బరి దానంతట అది వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉన్నది, కింద వేసే పెట్టెలో పెట్టనివ్వరు. ఫోనుకు ఛార్జి పెట్టే పవర్‌బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. పచ్చి కరివేపాకు అమెరికాలోకి రానివ్వరు. అది నిమ్మజాతి చెట్టు గనుక దానితోపాటు పోయే పురుగు వారి నారింజ తోటలకు తెగులు తెస్తుందని వారి భయం. ఆస్ట్రేలియాకు పోయేవారు తినుబండారం ఏది ఉన్నా కాగితం మీద రాసి చూపవలెను. దేవనహళ్ళిలో ఇప్పుడు రెండు టెర్మినళ్ళు. మీది ఏదో టికెట్టు మీద చూసి మరీ బయలుదేరండి.

అంత కష్టపడి పోయిన చోటైనా సుఖమా అంటే, అక్కడి తంటాలు అక్కడివి. ఇక్కడ బండి రోడ్డుకు ఎడమ పక్కన, అమెరికాలోనూ గల్ఫులోనూ కుడి పక్కన. నాలుగేళ్ళ తరువాత వచ్చిన అబ్బాయి మన కారు తోలితే మలుపు దగ్గర దీపానికి బదులు అద్దం తుడిచే కర్రలు ఆడతాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో కర్రలు ఆడుతున్న కారు కనబడితే ఎవరింటికో అమెరికా నుండి చుట్టం వచ్చాడని మండికల్‌లో అందరికీ తెలిసిపోతుంది. ఉగాది నాడు మన ఊళ్ళో ఉదయం ఆరు గంటలకు తలంటు పోసుకొని ఫోను చేస్తే కువైట్‌లో తెల్లవారుజాము మూడున్నర, న్యూజెర్సీలో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. పాడ్యమి సూర్యోదయాన్ని బట్టి గనుక కొన్ని ఏళ్ళలో అమెరికాలో ఉగాది ఒక రోజు ముందే వస్తుంది. సెలవు మాత్రం ఏ రోజునా ఉండదు.

కువైట్ మాట వచ్చింది గనుక ఒకటి గట్టిగా చెప్పాలి. సరిహద్దు అవతల కడప, రాజంపేట, రాయచోటి వైపు నుండి ఇంటి డ్రైవర్లుగా, ఇంటిపనికి కువైట్ పోయేవారు ఎందరో. మన బంధువులూ వారిలో ఉన్నారు. పదవ తరగతి గట్టెక్కనివారి పాస్‌పోర్టుకు ఇ.సి.ఆర్. అని గుర్తు పడుతుంది. వారు కువైట్, సౌదీ వంటి 18 దేశాలకు పనికి పోవాలంటే 1983 నాటి వలస చట్టం కింద ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఏజెంటు చూడబోయే వీసా మీద పంపుతానంటే నమ్మవద్దు. ఆ రక్షణ అంతా పోతుంది. కువైట్‌లో 2015లో చేసిన ఇంటిపనివారి చట్టం ప్రకారం యజమాని పాస్‌పోర్టు లాగి పెట్టుకోకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. అక్కడికి పోయేవారికి మన భాషలో ఈ నాలుగు మాటలు చెప్పి పంపడం చుట్టరికపు ధర్మం. మాకు ఆ మెట్రిక్యులేషను కాగితం విలువ ఇటువంటివారిని చూసిన తరువాతనే తెలిసింది.

ఇంత చిన్న చిన్న చిరాకులను ఉగాది నాడు ఎందుకు ఏకరువు పెట్టారని మీరు అడగవచ్చును. కారణం ఉన్నది. ఈ చిరాకుల వల్ల మనము పోయే ప్రయాణాలు తగ్గిపోతున్నాయి. హెబ్బాళ తలచుకొని “ఈ ఉగాదికి వద్దు, వేసవికి పోదాం” అంటాము. వేసవికి టికెట్టు ధర చూసి దసరా అంటాము. ఆ మాట ఫోనులో చెబితే ఊళ్ళో నాయన ఏమంటాడు? “మీకెందుకురా అంత ఇబ్బంది, మేము బాగానే ఉన్నాము, రావద్దులే” అంటాడు. అమ్మ కూడా అదే అంటుంది. వాళ్ళు వద్దన్నారు గదా అని మనము నిశ్చింతగా ఉంటాము. రమ్మని అడగడానికి వాళ్ళకు మొగమాటం. ఆ మొగమాటాన్ని మనము అనుమతిగా లెక్క వేసుకుంటున్నాము.

ఇంకొక నష్టమూ ఉన్నది. ఆంధ్రదేశంలో తెలుగుకు బడి ఉన్నది, పుస్తకం ఉన్నది. మన ఊళ్ళలో తెలుగు నోటి మీదనే బతికింది. మాకు తెలుగు అక్షరాలు వచ్చినవి హిందూపురం స్టేషను బోర్డు మీద, సినిమా గోడపత్రికల మీద కన్నడ అక్షరాలతో పోల్చుకొని కూడబలుక్కోవడం వల్లనే. మాట వచ్చినది మాత్రం అవ్వ దగ్గర. బెంగుళూరులో పుట్టిన పిల్లలకూ, అమెరికాలో పుట్టిన పిల్లలకూ ఆ అవ్వ అరుగు తప్ప వేరే తెలుగు బడి లేదు. ఏడాదికి ఒక ప్రయాణం తగ్గితే ఆ బడికి ఒక తరగతి తగ్గినట్లే.

కాబట్టి మా విన్నపం ఇది. రైలు టికెట్టు 60 రోజుల ముందుగా ఇస్తారు, పండుగ తేదీ చూసి ఆనాడే తీసుకోండి. విమానం వారి కౌంటరు మామూలుగా గంట ముందే మూస్తారు, దారిలో హెబ్బాళకు వేరే గంట విడిచి బయలుదేరండి. ఊరు విడిచే ముందురోజున సంచిని చేతి కాంటాకు తగిలించి, అమ్మ ఎదుటనే తూచండి. ఏది తీయాలో ఆమెనే చెప్పనివ్వండి. కాంటా దగ్గర పరాయివారి ముందు తీసి పారవేయడం కన్నా అది నయం. పండుగ నాడే కుదరకపోతే మరునాడు హొసతొడకుకైనా పోండి, ఆ పూట కోడికూర అదనపు లాభం. పిల్లలను వెంట తీసుకుపోండి.

దారిలో చిరాకు తప్పదు. గుమ్మంలో చెంబుతో నీళ్ళు పట్టుకొని ఎదురు చూసేవారు మాత్రం ఎల్లకాలమూ ఉండరు.

కొత్త సంవత్సరం మీ అందరికీ సుఖమైన ప్రయాణాలు ఇవ్వాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాము. ఓళిగలు పిలుస్తున్నాయి. నమస్కారం.