విత్తనాల బ్యాంకు

హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో, ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థలో ఒక విత్తనాల బ్యాంకు ఉంది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాలలో లక్షకు పైగా నమూనాలు అక్కడ భద్రంగా ఉన్నాయి.

గింజకు శత్రువులు తేమ, వేడి. అందుకే చల్లని పొడిగాలిలో నెమ్మదిగా ఆరబెట్టి, గాలి చొరబడకుండా మూసి, మైనస్ 20 డిగ్రీల చలిలో దాస్తారు. అప్పుడప్పుడు కొన్నిటిని మొలకెత్తించి చూస్తారు. మొలక శాతం తగ్గితే పొలంలో మళ్లీ పండించి కొత్త విత్తనం తీస్తారు.

అన్నీ ఒక్కచోటే ఉంటే ముప్పు. నార్వేలోని స్వాల్‌బార్డ్‌లో, కొండ లోపల, 2008లో తెరిచిన విత్తనాల భాండాగారం అందుకే. యుద్ధం వల్ల సిరియాలోని అలెప్పో విత్తనాల బ్యాంకు అందకుండా పోతే, ముందే స్వాల్‌బార్డ్‌లో దాచుకున్న విత్తనాలను 2015లో వెనక్కి తెచ్చుకున్నారు.

మామిడి, పనస గింజలు మాత్రం బాగా ఆరితే చచ్చిపోతాయి. వాటిని ఎక్కువగా చెట్లుగానే కాపాడుతారు.

చలిగదిలో విత్తనం నిద్రపోతుంది. ఏటా పొలంలో పడితేనే మారే వానకు, ఎండకు అలవాటు పడుతుంది. జహీరాబాద్ ప్రాంతంలో మహిళా రైతులు పాత పంటల విత్తనాలను ఇళ్లలో దాచి, ఏటా విత్తుతూ చేస్తున్నది ఆ పనే. మీ పెరట్లో నాటు బీర ఉంటే ఒక మంచి కాయను తీగకే ఎండనివ్వండి. గింజలు పక్కింటికీ పంచండి.