శ్రామికుని హక్కు – తూనికలో న్యాయం

సమస్త స్తోత్రాలు సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులపైనా అల్లాహ్ కారుణ్యం, శాంతి వర్షించుగాక!

ప్రియమైన ధార్మిక సోదరులారా! ముందుగా మనల్ని మనం అల్లాహ్ భీతి వైపునకు పిలుచుకుందాం. తఖ్వా మస్జిదు గడపతో ఆగిపోయేది కాదు. మనం ఇచ్చే కూలిలో, చేయించుకునే పనిలో, పెట్టే షరతులలో కూడా అది కనిపించాలి.

మద్‌యన్ ప్రజలు కొలతల్లో, తూనికల్లో మోసం చేసేవారు. వారిని సంస్కరించడానికి అల్లాహ్ షుఐబ్ (అలైహిస్సలాం) గారిని ప్రవక్తగా పంపాడు. ఆ మద్‌యన్‌కే మూసా (అలైహిస్సలాం) ఈజిప్టు నుండి ప్రాణభయంతో చేరుకున్నారు. బావి వద్ద తమ మందను ఆపుకొని నిలబడిన ఇద్దరు స్త్రీలను చూసి, వారి పశువులకు నీళ్ళు తాపి, నీడకు వెళ్ళారు. కూలి అడగలేదు. అయినా ఆ స్త్రీల తండ్రి ప్రతిఫలం ఇవ్వడానికి ఆయనను పిలిపించారు. తరువాత పనిలో పెట్టుకున్నప్పుడు ఎనిమిదేళ్ళ గడువును ముందే చెప్పారు. పదేళ్ళు పూర్తి చేయడం ఆయన ఇష్టానికే వదిలారు. కష్టపెట్టే ఉద్దేశం తనకు లేదని మాట ఇచ్చారు. ఖసస్ సూరాలోని ఈ వృత్తాంతం యజమానులకు గొప్ప పాఠం.

సోదరులారా! ఈ రోజు మరో రకం బావుల వద్ద వేచి ఉండే శ్రామికుల గురించి ఆలోచిద్దాం. చమురు బావికి నీరు, సిమెంటు, ఇనుప గొట్టాలు చేరవేసేదీ, అక్కడి నుండి ముడిచమురును, వ్యర్థజలాన్ని తరలించేదీ లారీ, ట్యాంకరు డ్రైవర్లే. మన కోనసీమలో కాలువ గట్ల ఇరుకు దారుల్లోనూ, గల్ఫ్ ఎడారి రహదారుల్లోనూ వీరి బ్రతుకు చక్రాల మీదే సాగుతుంది. కడప, రాయచోటి ప్రాంతాల నుండి కువైట్‌కు వెళ్ళి స్టీరింగు పట్టిన కుమారులు మనలో ఎన్ని ఇళ్ళలో లేరు!

ట్రిప్పు లెక్కన కూలి ఇచ్చే చోట, బండి కదిలితేనే సంపాదన. లోడు కోసం ఆరు గంటలు నిలబడినా, అర్ధరాత్రి గేటు వద్ద అనుమతి కోసం కాచుకున్నా ఆ కాలానికి విలువ కట్టరు. ఆ గంటల్లో అతడు ఇంటికి పోలేడు, నిశ్చింతగా నిద్రపోలేడు, మరో పని చూసుకోలేడు. పోయిన కూలిని పూడ్చుకోవడానికి నిద్ర మాని ఇంకో ట్రిప్పు వేస్తాడు. అలసిన ఆ కళ్ళు ఒక్క క్షణం మూతపడితే అతని ప్రాణమే కాదు, ఎదురుగా వచ్చే కుటుంబం ప్రాణాలూ పోతాయి.

మన దేశంలో మోటారు రవాణా కార్మికుల కోసం 1961లో వచ్చిన చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పనిని నిర్దేశించింది. అదనపు పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలంది. కువైట్‌లో జూన్ నుండి ఆగస్టు వరకు ఉదయం 11 నుండి సాయంత్రం 4 వరకు ఆరుబయట ఎండలో పని చేయించరాదన్న నిబంధన ఉంది. అయితే చట్టం కన్ను పడని చోట కూడా అల్లాహ్ చూస్తూనే ఉన్నాడని విశ్వసించేవారం మనం.

తాము తీసుకునేటప్పుడు నిండుగా తీసుకొని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని ముతఫ్ఫిఫీన్ సూరా తీవ్రంగా హెచ్చరించింది. ఆ హెచ్చరిక ధాన్యం కొలిచేవారికి మాత్రమే కాదు. డ్రైవరు దినమంతా తీసుకొని, బండి నడిచిన దూరానికే వెల కట్టడం కూడా తూనికను తగ్గించడమే. కూలివానితో పూర్తిగా పని చేయించుకొని వేతనం ఇవ్వనివానికి ప్రళయదినాన స్వయంగా అల్లాహ్ ప్రతివాదిగా నిలుస్తాడని బుఖారీ హదీసు తెలుపుతోంది. అల్లాహ్ ఎదుట ఏ న్యాయవాది మన పక్షాన నిలబడగలడు?

లారీలున్న సోదరులారా! ఈ రోజే మీ లెక్కల పుస్తకం తెరవండి. వేచి ఉన్న గంటలను కూడా అందులో వ్రాయండి. ట్రిప్పు ముగిశాక విశ్రాంతి ఇవ్వండి. శక్తికి మించిన భారం మోపవద్దని, మోపవలసి వస్తే మీరూ తోడ్పడాలని అబూజర్ (రజియల్లాహు అన్హు) గారికి ప్రవక్త (స) బోధించారు. వీసాలు ఇప్పించే సోదరులారా! జీతం, పని గంటలు, వసతి ఎలా ఉంటాయో ఉన్నదున్నట్లు ముందే చెప్పండి. దాచి పంపడం అమానత్‌కు ద్రోహం.

డ్రైవరు సోదరులారా! మీ చేతిలోని బండి, దారిన పోయే ప్రజల ప్రాణాలు మీకు అమానత్. నిద్ర ముంచుకొస్తుంటే బండి ఆపండి. మీ హక్కును గౌరవంగా, ధైర్యంగా అడగండి. హక్కు అడగడం కృతఘ్నత కాదు.

యా అల్లాహ్! మా సంపాదనను హలాల్ చేయి. మా తూనికలను సరిచేయి. దారుల మీద ఉన్న మా బిడ్డలను క్షేమంగా ఇళ్ళకు చేర్చు. కార్మికుని హక్కు బాకీ ఉన్న స్థితిలో మమ్మల్ని నీ సన్నిధికి పిలవకు. ఆమీన్.