భూమ్యాకర్షణమును గెలిచిన రహస్య యంత్రము కలదా?



పైకి విసరిన రాయి క్రిందికి వచ్చుట మనమెల్లర మెఱిగినదే. అట్లు లాగు శక్తిని భూమ్యాకర్షణ మందురు; శాస్త్రజ్ఞులు దానినే గురుత్వాకర్షణ మనియు పిలుతురు. ఆ శక్తి పట్టునుండి తప్పించుకొని, రెక్కలును చమురుమంటయు లేకయే పైకి లేచు యంత్రమును అమెరికా ప్రభుత్వము ఏడు దశాబ్దములుగా దాచియుంచినదని వాదించువారు కలరు. ఈ వాదమును నవ్వి త్రోసివేయుట నాకు సమ్మతము కాదు. అది నిజమే యైనచో, బరువు మోయు కష్టమును చమురు వ్యయమును లోకమునకు తగ్గింపగల సాధనమును కొలదిమంది అధికారులు పెట్టెలో పెట్టి తాళము వేసిరన్నమాట. అంతకంటె పెద్ద నేరారోపణ మేమున్నది? కావున సాక్ష్యమును నిదానముగా తూచి చూడవలసియున్నది.

వాదుల పక్షమున గట్టి మాట యొకటి కలదు. మొదట దానినే చెప్పెదను. 1955 నవంబరులో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ అను పత్రిక వరుసగా కొన్ని వ్యాసములు ప్రకటించెను. అమెరికాలోని పెద్ద విమాన కంపెనీలు గురుత్వాకర్షణ రహస్యమును ఛేదించుటకు పూనుకొన్నవని వానిలో నుండెను. కొంతకాలమునకు ఆ సందడి యణగిపోయెను. బ్రిటనులో విమాన విషయములు వ్రాయు నిక్ కుక్ అను పత్రికారచయిత 2001లో ప్రకటించిన గ్రంథమున ఈ నిశ్శబ్దమునే పట్టుకొని, పని రహస్యపు తెరవెనుకకు పోయెనేమో యని సందేహించెను.

ఇట్టి సందేహము తెలివితక్కువది కాదు. నిశ్శబ్దము కూడ సాక్ష్యము కాగలదు. 1942లో రష్యా దేశపు యువశాస్త్రజ్ఞుడు జార్జి ఫ్లెరోవ్ సైన్యములో నుండియు, తీరిక దొరకినప్పుడు పుస్తకాలయమునకు పోయి విదేశీ శాస్త్రపత్రికలు తిరుగవేసెను. పరమాణువును చీల్చుటను గూర్చి అంతకుముందు ఎడతెగక వచ్చుచుండిన వ్యాసములు మాయమైనవి. వ్రాయవలదని ఎవరో కట్టడి చేసిరని గ్రహించి అతడు స్టాలినునకు ఉత్తరము వ్రాసెను. అతని యూహ సత్యమే. అమెరికాలో అణుబాంబు పని అప్పటికే సాగుచుండెను.

మఱి గురుత్వాకర్షణ విషయమున అట్టి మౌనము కలిగెనా? కలుగలేదు. ఆ కాలపు చరిత్ర చిత్రమైనది. రోజర్ బాబ్సన్ అను ధనికుని సోదరి బాల్యముననే నీట మునిగి మరణించెను. ఆమెను క్రిందికి లాగినది గురుత్వాకర్షణమే యని అతడు దానిమీద పగబట్టి, ఆ శక్తికి అడ్డుతెర యేదైన దొరకునేమో యని 1948లో ఒక సంస్థను స్థాపించి, వ్యాసములకు బహుమానము లీయసాగెను. 1953లో ఆ బహుమానము పొందిన బ్రైస్ డివిట్ అను పండితుడు, అట్టి తెరకొఱకు వెదకుట వృథా యనియు, ముందుగా గురుత్వాకర్షణ తత్త్వమును తెలిసికొనవలె ననియు వ్రాసెను. బహుమాన మిచ్చువాని మొగము మీదనే ఆ మాట యనుటకు ధైర్యము కావలెను. విని బహుమాన మిచ్చుటకును పెద్దమనసు కావలెను.

తరువాత ఆగ్న్యూ బాన్సన్ అను పారిశ్రామికుడు, ఉత్తర కరోలినా రాష్ట్రములోని చాపెల్ హిల్‌లో డివిట్ దంపతుల పరిశోధనకు ధనసహాయము సమకూర్చెను. 1957 జనవరిలో అచ్చట జరిగిన పండితసభకు అమెరికా వైమానికదళము కూడ తోడ్పడెను. సభాచర్చలను దాచిరా? అచ్చువేసిరి. గురుత్వతరంగములు శక్తిని మోయునా యని ఆ సభలో తర్కించిరి. ఆ తరంగములే 2015 సెప్టెంబరు 14న లైగో అను పరికరములకు చిక్కినవి. కనుక వార్తాపత్రికల సందడి యణగినదే గాని, పని పట్టపగలే సాగినది.

ఆ బాన్సనే టౌన్సెండ్ బ్రౌన్ అను మఱియొకని చేతను ప్రయోగములు చేయించెను. ఈ బ్రౌన్ కథయే వాదులకు ప్రాణము. ఇతడు 1928లోనే బ్రిటనులో పేటెంటు పొందెను. ఇతని పద్ధతి ననుసరించి తరువాతివారు కట్టిన చట్రములో పైన సన్నని తీగ, క్రింద వెడల్పైన పలుచని లోహపు రేకు ఉండును. రెంటికి నడుమ వేలకొలది వోల్టుల విద్యుత్తు నెక్కించినచో చట్రము తీగవైపునకు కదలును. మిక్కిలి తేలికగా కట్టినచో నేల విడిచి లేచును. ఇందు కనికట్టు లేదు. (ఆ విద్యుత్తు ప్రాణము తీయగలది, కుఱ్ఱవాండ్రను ఇంటిలో ఈ పని చేయనీయరాదు.)

లేచుట నిజము; ఎందుచే లేచుచున్నదన్నదే వివాదము. విద్యుత్తునకును గురుత్వాకర్షణమునకును గల చుట్టఱికము చేతనే యని బ్రౌన్ తలంచెను. సంశయవాదులు గాలి యనిరి. తీగచెంత గాలి యణువులకు విద్యుత్తు అంటుకొనును. అవి రేకువైపునకు పరుగెత్తుచు, దారిలోని తక్కిన గాలిని నెట్టుకొనిపోవును. గాలి క్రిందికి పోవుటచే చట్రము పైకి పోవును. ఈ తగవు తీర్చుటకు వాక్చాతుర్య మక్కఱలేదు. కళ్లములో గాలి నిలిచిపోయినప్పుడు తూర్పారపట్టుట సాగునా? అట్లే చట్రమును పెట్టెలో నుంచి గాలిని తోడివేసి చూచిన చాలును. నాసా సంస్థకొఱకు జరిగి 2004లో వెలువడిన పరిశోధనలో అట్లే చేసిరి. గాలి లేనిచోట ఆ బలము కానరాలేదు.

ఐనను బ్రౌన్ చూచినది వ్యర్థము కాలేదు. ఆ విద్యుద్వాయువుతోనే అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు 2018లో చిన్నవిమానమును ఒక వ్యాయామశాలలో సుమారు 60 మీటర్లు ఎగురవేసిరి. గాలి అని యొప్పుకొన్నవారికే అది ఉపయోగపడినది.

ఫిన్లండులోని టాంపెరెలో పనిచేసిన పోద్‌క్లెత్నోవ్ అను రష్యనుడు, మిక్కిలి చల్లబఱచి త్రిప్పిన పింగాణి బిళ్ల మీద నుంచిన వస్తువుల బరువు కొంచెము తగ్గినదని 1992లో ప్రకటించెను. నాసావారు కూడ ఆ మాటను పరీక్షింప పూనుకొనిరి. హాతవే మొదలగువారు అట్టి పరికరమునే కట్టి చూచి, తమకట్టి మార్పేమియు కనబడలేదని 2003లో వ్రాసిరి. మూసిన మనస్సుతో త్రోసివేసిరన్న నింద ఇందుచే నిలువదు.

కడపట వాదు లిట్లందురు: "ప్రభుత్వములు రహస్యములు దాచుట లేదా?" దాచును. రడారునకు సులభముగా చిక్కని ఎఫ్-117 విమానము 1981లోనే యెగిరినను 1988 వఱకు దానిని బయటపెట్టలేదు. కాని దాని యాకారమును గణించుటకు తోడ్పడిన సూత్రములను ఉఫిమ్‌ట్సెవ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు 1962లోనే మాస్కోలో బహిరంగముగా అచ్చువేయించెను! విమానమును కొట్టములో దాచవచ్చును; రడారుకిరణము అంచు తగిలి చెదరు విధమును దాచుట యెట్లు? భూమ్యాకర్షణమును గూర్చిన సత్యమును అంతే. అది అమెరికాలో నొక తీరున, తక్కిన దేశముల ప్రయోగశాలలలో నొక తీరున నుండదు.

వెదకుట మాత్రము మానలేదు. ప్రతిపదార్థ మను అపూర్వ పదార్థము పైకి పడునేమో యని చిరకాలము తర్కించుచుండిరి. జెనీవా చెంతనున్న సెర్న్ ప్రయోగశాలలో ప్రతిహైడ్రోజను పరమాణువులను అయస్కాంతపు బంధమునుండి విడిచి చూచి, 2023 సెప్టెంబరులో ఫలితమును ప్రకటించిరి. అవియును క్రిందికే పడినవి.