బిడ్డను చూపుమన్న యాజ్ఞ



విద్యార్థి వసతులను గూర్చియు, వివాహ వ్యయములను గూర్చియు విచారించు నీ మహాసభలో న్యాయస్థాన ధిక్కార ప్రసంగ మేల యని కొంద రాశ్చర్యపడవచ్చును. విడిపోయిన దంపతులు మొదట వచ్చునది మన పెద్దల యిండ్లకే. మన మాట వారిని రక్షింపను గలదు, చెఱసాలకు బంపను గలదు. కావున నీ నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

బిడ్డ యెవరి సొత్తు? ఐదేండ్లు నిండని శిశువు సామాన్యముగా తల్లియొద్ద నుండవలెననియు, అన్నిటికంటె బిడ్డ క్షేమమే ప్రధానమనియు 1956వ సంవత్సరపు హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టము చెప్పుచున్నది. బిడ్డలు కేవలము తలిదండ్రుల సొత్తు గారని 1973లో సుప్రీముకోర్టు సెలవిచ్చెను. ఇరువుర ప్రేమయు బిడ్డకు హక్కేయని 2020లో నుద్ఘాటించెను.

కోర్టు ఆజ్ఞను బుద్ధిపూర్వకముగా నతిక్రమించుటయు, కోర్టునకిచ్చిన మాట తప్పుటయు 1971వ సంవత్సరపు చట్టము ననుసరించి సివిలు ధిక్కారము. ఆఱునెలలవఱకు సాధారణ కారాగారవాసము గాని, రెండువేల రూపాయలవఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. క్రింది కోర్టు ఆజ్ఞను ధిక్కరించినను హైకోర్టు శిక్షింపగలదు. మనఃపూర్వకమైన క్షమాపణ నంగీకరించి విడుచుటకును ఆ చట్టమే వీలు కల్పించినది. పెదవులతో బలికిన క్షమాపణ చెల్లదు.

2020లో సుప్రీముకోర్టు ఒక బాలుని తండ్రివెంట కెన్యాకు బంపుటకు సమ్మతించెను. తండ్రి తానిచ్చిన మాట నిలుపుకొనకపోగా 2021లో నా తీర్పును ఉపసంహరించి, 2022లో నతనిని ధిక్కార దోషిగా నిర్ణయించెను. శిక్ష తండ్రికి పడును. గడచిన బాల్యము మాత్ర మెవ్వరికిని తిరిగి రాదు.

నా తప్పు నొకటి యీ సభలో నొప్పుకొందును. కొన్నియేండ్ల క్రిందట మా బంధువులలో నొక తండ్రి బిడ్డను ఆదివారము తల్లికి జూపవలసియుండెను. “సంక్రాంతి వెళ్లనిమ్ము, నాయనా! పెద్దలము మేము చెప్పుకొందుము” అని నేను ధైర్యము చెప్పితిని. ఆ తల్లి సాయంకాలమువఱకు గూర్చుండి మరలిపోయినదట. ధిక్కార పిటీషను దాఖలైననాడు సంజాయిషీ చెప్పుకొన్నది ఆ తండ్రియే కాని నేను గాను. పెద్దఱికము నాది, భయము వానిది, దుఃఖము బిడ్డది.

ఆజ్ఞ యన్యాయమని తోచినచో మార్పు గోరుచు నర్జీ పెట్టుకొనవలెను, లేదా అప్పీలు చేసికొనవలెను, అంతవఱకు పాటింపవలెను. బిడ్డకు జ్వరము వచ్చినచో డాక్టరు చీటితో ముందుగనే తెలుపవలెను. పెద్దలు రాజీ కుదిర్చినచో దానిని కోర్టులో దాఖలు చేయింపవలెను. మన పంచాయతీ మాట కోర్టు ఆజ్ఞను రద్దు చేయజాలదు.

ఆలుమగల తగవు మనము తీర్పలేకపోవచ్చును. బిడ్డ చేతులు రెండును ఇద్దఱకు నందునట్లు చూచుట మాత్రము మన ధర్మము.