నేపాల్ కుర్రాళ్లు యాప్‌ల కోసమే రోడ్డెక్కారా?

2025 సెప్టెంబర్‌లో నేపాల్ న్యూస్ చూసి నేనూ "ఇన్‌స్టా ఆపితే ఇంత రచ్చా?" అని నవ్వాను. తప్పు నాదే.

ప్రభుత్వం 26 యాప్‌లు ఆపింది, నిజమే. కానీ అంతకుముందే అక్కడి ఫోన్లలో 'నెపో కిడ్స్' వీడియోలు తిరుగుతున్నాయి. నాయకుల పిల్లలు, ఖరీదైన బ్యాగులు, ఫారిన్ ట్రిప్పులు. చూసేదెవరు? అన్న గల్ఫ్‌లో కూలి చేస్తే ఇల్లు గడిచే పిల్లలు. మన జగిత్యాల వైపు వాళ్లకి ఈ బాధ విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ మంట మీద బ్యాన్ పడింది.

8న కాల్పులు, కనీసం 19 మంది పోయారు. మర్నాడు పార్లమెంటుకి నిప్పు పెట్టారు. అది మాత్రం నేను సమర్థించను.

ప్రధాని ఓలీ దిగిపోయాక డిస్కార్డ్‌లో, అవును, మనం గేమ్స్ ఆడుకునే డిస్కార్డే, తర్వాత ఎవరని ఓటింగ్ పెట్టుకున్నారు. ఆ కుర్రాళ్లు ఏరికోరి పట్టుకున్నది 73 ఏళ్ల సుశీలా కార్కి గారిని. చీఫ్ జస్టిస్‌గా అవినీతి కేసుల్లో మెత్తబడలేదని ఆవిడకి పేరు.