పాత గ్రాఫిక్స్ కార్డా, కొత్తదా?



నరసరావుపేటలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవాళ్లకీ, మాచర్లలో ఫ్లెక్సీలు డిజైన్ చేసేవాళ్లకీ, ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు ఒకే సందేహం వస్తుంది. కంప్యూటర్‌లో వేసే గ్రాఫిక్స్ కార్డు పాతదైతే చవగ్గా దొరుకుతోంది. కొత్తది ఖరీదు. నిజంగా అంత తేడా ఉంటుందా? ఉంటుంది. అయితే అది ఎక్కడుంటుందో తెలుసుకుని కొనాలి.

ముందు ఈ కార్డు చేసే పనేమిటో చూద్దాం. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం 20 లక్షల పైచిలుకు. ఆటలో బొమ్మ తడబడకుండా కదలాలంటే సెకనుకు 60 సార్లు ప్రతి చుక్కకూ రంగు తేల్చాలి. అంటే సెకనుకు 12 కోట్లకు పైగా చుక్కలు, ఒక్కో చుక్కకూ మళ్లీ ఎన్నో లెక్కలు. మిరపకాయ కోతకు ఒక్కడే దిగితే ఎంత పనిమంతుడైనా చేను ఎప్పటికి పూర్తవుతుంది? సాలుకొకరు చొప్పున కూలీలు దిగాలి. ప్రాసెసర్ ఆ ఒక్క పనిమంతుడు. గ్రాఫిక్స్ కార్డులో వేల మంది కూలీలుంటారు. వాళ్లనే కోర్లు అంటారు.

కూలీల సంఖ్య చూసి కార్డును అంచనా కడదామనుకుంటే చిక్కు ఇక్కడే వస్తుంది. ఎన్‌విడియా కంపెనీ 2017లో తెచ్చిన జీటీఎక్స్ 1080 టీఐలో 3584 కోర్లు. 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060లో కూడా సరిగ్గా 3584. నాలుగేళ్ల తర్వాత వచ్చింది కాబట్టి రెండోదే ముందుంటుందనుకుంటాం. పాత తరహా ఆటల్లో మాత్రం 1080 టీఐదే కాస్త పైచేయి. ఎందుకంటే ఈ మధ్యలో కోర్లను అమర్చే తీరూ లెక్కపెట్టే తీరూ మారిపోయాయి. 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060లో కోర్లు ఇంకా తక్కువ, 3072. అయినా అది 1080 టీఐతో దాదాపు సమానంగా పరుగెత్తుతుంది. కాబట్టి కోర్ల సంఖ్యను ఒకే తరం కార్డుల మధ్య పోల్చాలి. తరం మారితే ఆ పోలిక పనికిరాదు.

మరి కొత్తదాని గొప్పేమిటి? కరెంటు. 1080 టీఐ గరిష్ఠంగా 250 వాట్లు తాగుతుంది, 4060కి 115 వాట్లు చాలు. పని అంతే, ఖర్చు సగం కన్నా తక్కువ. రోజుకు నాలుగు గంటలు పూర్తి బరువు మీద నడిపితే నెలకు సుమారు 16 యూనిట్ల తేడా వస్తుంది.

మన పల్నాడులో బిల్లు కన్నా వేడి గురించి ఎక్కువ ఆలోచించాలి. కార్డు తాగిన ప్రతి వాటూ చివరికి గదిలో వేడిగానే తేలుతుంది. ఎండాకాలం రెంటచింతల ఎండ ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. గదిలో గాలే 40 డిగ్రీలుంటే ఫ్యాను దాన్నే కార్డు మీదికి తోస్తుంది. చాలా కార్డులు చిప్ వేడి 83 డిగ్రీల దగ్గరికి రాగానే తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. ఏసీ గదిలో ఎవరో పరీక్షించి చెప్పిన వేగం మే నెలలో మన ఇంట్లో రాకపోవచ్చు. కరెంటు పోయినప్పుడు ఆదుకునే 600 వీఏ యూపీఎస్ కూడా సాధారణంగా 360 వాట్ల వరకే మోస్తుంది. 250 వాట్ల కార్డుకు ప్రాసెసర్, మానిటర్ తోడైతే అది చాలదు.

ఇక మెమరీ. 4060లో 8 జీబీ ఉంటే, అంతకన్నా పాతదైన 3060 మామూలు రకంలో 12 జీబీ ఉంది. కృత్రిమ మేధ ప్రాజెక్టులు చేసే విద్యార్థికి ఇది పెద్ద విషయం. మోడల్ మెమరీలో పట్టకపోతే ఎంత వేగమున్నా ఉపయోగం లేదు. 2012లో అలెక్స్‌నెట్ అనే ప్రసిద్ధ కృత్రిమ మేధ నెట్‌వర్క్‌కు శిక్షణ ఇచ్చినప్పుడు కూడా ఒక్కో కార్డులో 3 జీబీనే ఉండటంతో దాన్ని రెండు జీటీఎక్స్ 580 కార్డుల మీదికి పంచాల్సి వచ్చింది.

మిక్సింగ్ చేసేవాళ్లకు వేరే మెలిక ఉంది. ఇప్పటి కెమెరాలు కొన్ని 10 బిట్, 4:2:2 పద్ధతిలో హెచ్ 265 వీడియో తీస్తాయి. దాన్ని నేరుగా విప్పే ఏర్పాటు ఎన్‌విడియా కార్డుల్లో 50 శ్రేణితోనే, అంటే 2025లోనే వచ్చింది. అంతకు ముందరి శ్రేణిలో అన్నిటికన్నా ఖరీదైన 4090కి కూడా ఆ విద్య లేదు. విశేషమేమిటంటే, ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉన్నవి ఆ పని చేస్తాయి. టైమ్‌లైన్ మీద వీడియో ఆగి ఆగి నడుస్తుంటే కార్డు మార్చే ముందు, మీ సాఫ్ట్‌వేర్‌లో ఆ సదుపాయం ఆన్ చేసి ఉందో లేదో చూసుకోండి.

ప్రకటనల్లో కొత్త కార్డు రెండింతలు, మూడింతలు వేగమని గీతలు గీసి చూపిస్తారు. ఆ గీత కింద ఫ్రేమ్ జనరేషన్ అన్న మాట ఉందేమో గమనించండి. అంటే కార్డు నిజంగా గీసిన రెండు బొమ్మల మధ్య ఊహించిన బొమ్మను చొప్పిస్తుందన్నమాట. చూడటానికి కదలిక నునుపుగానే ఉంటుంది. మీట నొక్కిన దానికి ఆట స్పందించే వేగం మాత్రం దానివల్ల పెరగదు.

పాతది కొనేవాళ్లకు రెండు జాగ్రత్తలు. 1080 టీఐ తరానికి కొత్త ఆటల కోసం డ్రైవర్లు మెరుగుపరచడం 2025 అక్టోబరుతో ఆగిపోయింది. ఇకపై భద్రతకు సంబంధించిన మార్పులే వస్తాయి. రెండోది మోసం. బాగా పాత కార్డు లోపలి సాఫ్ట్‌వేర్ మార్చి, 1050 టీఐ అని అంటగట్టిన సంగతులున్నాయి. జీపీయూ జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టి చూస్తే లోపల ఏ చిప్ ఉందో చాలావరకు తెలిసిపోతుంది. డబ్బులిచ్చే ముందే చూపించమనండి.

ఇంట్లో ఉన్నది ఆఫీసుల్లో వాడి తీసేసిన పాత కంప్యూటరైతే, కార్డు కన్నా ముందు కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ సంగతి చూడండి. మదర్‌బోర్డు స్లాటు నుంచి 75 వాట్లే వస్తాయి. అంతకు మించి కావాలంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా వైరు ఉండాలి. అది లేకపోతే 75 వాట్లతో నడిచే జీటీఎక్స్ 1650 లాంటిది చూసుకోవాలి. అందులోనూ అదనపు వైరు అడగని రకమే తీసుకోవాలి.

చివరిగా, పోల్చడానికి అందరికీ వీలైన పద్ధతి ఒకటుంది. మీరు రోజూ చేసే పనిలోంచి ఒక ఫైలు, ఓ పెళ్లి పాటో, ఫ్లెక్సీ డిజైనో, కాలేజీ ప్రాజెక్టో పెన్‌డ్రైవ్‌లో షాపుకు తీసుకెళ్లండి. పాత కార్డు మీదా కొత్త కార్డు మీదా అదే ఫైలు నడిపించి, గడియారం పెట్టి చూడండి. మీ పనిలో మిగిలే నిమిషాలకు అంత ధర పెట్టొచ్చనిపిస్తేనే కొత్తది తీసుకోండి.