ఇంటితెరపై న్యాయస్థానము

(గ్రంథాలయ సభలో ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



సినిమాలను గూర్చి ఒక ప్లీడరును మాటలాడుమని కోరుట మీలో కొందరికి వింతగా తోచియుండును. నటనను, సంగీతమును, ఛాయాగ్రహణమును విమర్శించు పాండిత్యము నాకు లేదు. కాని కొన్ని యేండ్లుగా మన భాషలోను, పొరుగుభాషలలోను కోర్టుకథలు తెరకెక్కుట హెచ్చినది. వెనుక వీడియో క్యాసెట్టును అద్దెకు తెచ్చుకొని, చూచి, మరునాడు తిరిగి యిచ్చివేసెడివారము. ఇప్పుడు చిత్రములు హాలు విడిచిన కొన్ని వారములకే, ఒక్కొక్కటి హాలు గడప త్రొక్కకయే, మన యింటి టెలివిజనులోనికిని చేతిలోని ఫోనులోనికిని వచ్చి చేరుచున్నవి. కోర్టు ఆవరణము నెన్నడును చూడని గృహిణియు, పదవ తరగతి బాలుడును ‘అబ్జెక్షన్ యువరానర్’ అను మాటను ఎరుగుదురు. జామీను పిటిషను ఎట్లు నడచునో సినిమావలన నేర్చుకొని వచ్చి, అది అట్లు నడువకున్నచో నన్నే దోషిగా నెంచు కక్షిదారులు నాకు కలరు. కావున ఈ చిత్రములు చెప్పుచున్న సాక్ష్యమును ఒకమారు క్రాసుపరీక్ష చేయుటకు మావంటివారికి హక్కు కలదని తలంచి యీ వేదిక నెక్కితిని.

హాలులో ఈలల నడుమ కథానాయకుని వాక్యము మనలను ఈడ్చుకొని పోవును. ఇంటిలోనైన బొమ్మను నిలుపవచ్చును, వెనుకకు త్రిప్పవచ్చును, ‘నాన్నగారూ, ఇది నిజమేనా?’ అని కూతురు తండ్రిని అడుగవచ్చును. నేను ఈ అయిదు చిత్రములను అట్లే నిలుపుచు, త్రిప్పుచు చూచితిని.

మొదట ‘వకీల్ సాబ్’. 2016లో హిందీలో వచ్చిన ‘పింక్’ కథను 2021లో వేణు శ్రీరామ్ తెలుగున తీసెను. తనపై చేయి వేయవచ్చిన పలుకుబడిగల యువకుని ఒక యువతి సీసాతో కొట్టును. తుదకు ఆమెయే హత్యాప్రయత్నపు ముద్దాయియై బోనులో నిలుచును. స్త్రీ ‘వద్దు’ అన్నచో దానికి వద్దనియే యర్థమని చెప్పుట ఈ కథకు ప్రాణము. హిందీ చిత్రమున వకీలు వయసు మళ్లినవాడు, మనోవ్యాధితో బాధపడువాడు. అందువలన మన చూపు అతనిపై గాక బోనులోని యువతులపై నిలుచును. తెలుగున పవన్ కల్యాణ్ గారి అభిమానులకొరకు వకీలునకు పూర్వకథను, పాటను, పోరాటములను చేర్చిరి. కోర్టులో నోరు చేయవలసిన పని కోర్టువెలుపల పిడికిలి చేయుచున్నప్పుడు చట్టమున కిక పనియేమి? అత్యాచారపు కేసులలో ఫిర్యాదు చేసిన స్త్రీయొక్క శీలమును గూర్చి క్రాసుపరీక్షలో అడుగరాదని 2003లో సాక్ష్యచట్టమును సవరించిరి. ఈ కథలో యువతి ముద్దాయి గనుక ఆ రక్షణ ఆమెకు నేరుగా అందదు. అట్టి స్త్రీ యెంత నిరాధారయో చూపుటకు ఎంతయో సందున్నది. ఆ సందులో దర్శకుడు కొట్లాటను దూర్చెను. నివేదా థామస్ మొదలగు ముగ్గురు నటీమణులు బాగుగ నటించిరి గాని, వారిని చూడనిచ్చువారేరి? మూలచిత్రమును చూచినవారు దీనిని చూడనక్కరలేదు.

అదే సంవత్సరమున వచ్చిన ‘నాంది’ ఇంతకంటె పేదది, ఇంతకంటె నిజాయితీ గలది. విజయ్ కనకమేడల దర్శకుడు. నవ్వించు వేషములకు పేరువడిన అల్లరి నరేష్ ఇందు చేయని హత్యకు అయిదేండ్లు విచారణఖైదీగా మ్రగ్గిన యువకుడు. ఠాణాలోని హింసను చూపుటలో దర్శకుడు కొంత మోతాదు మించెను. కాని ‘విచారణఖైదీ’ అను మాటను కథకు నడుమ నిలిపిన తెలుగు చిత్రములు ఎన్ని? 2022 డిసెంబరు 31 నాటికి మన దేశపు జైళ్లలో నున్నవారు 5,73,220 మంది. అందు 4,34,302 మందికి ఇంకను తీర్పు కాలేదు. అనగా నూటికి డెబ్బదియైదుగురికి మించి, నేరము రుజువు కాకయే లోపల నుండిరి. శిక్షాకాలములో సగము గడచినచో విడువవలెనని పాతస్మృతిలో 436-ఎ సెక్షను చెప్పెడిది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్తస్మృతి 479వ సెక్షనులో, మొదటిమారు పట్టువడినవానికి మూడవవంతు చాలుననుచున్నది. హత్యవంటి నేరములకు మాత్రము ఈ రెండును వర్తింపవు. కావున ఆ యువకుని అయిదేండ్లు కవికల్పన యని త్రోసివేయుటకు వీలులేదు.

కాని రెండవభాగమున చిత్రము త్రోవ తప్పినది. అబద్ధపు కేసు పెట్టినవారిపై శిక్షాస్మృతిలోని 211వ సెక్షనును ప్రయోగింపవచ్చునని చెప్పి, వరలక్ష్మి ధరించిన వకీలుపాత్రచేత పగ తీర్పించిరి. ఆ సెక్షను సత్యమే; నేడు అది న్యాయసంహితలో 248వది. కోర్టులో నడచిన కేసునకు సంబంధించినంతవరకు ఆ నేరమును విచారణకు గైకొనవలెనన్న, ఆ కోర్టే వ్రాతమూలముగా ఫిర్యాదు చేయవలెను. విడుదలయైన ముద్దాయి తానై పోయి దావా వేయుటకు కుదరదు. చిత్రమును చూచి ‘ఆ రెండువందల పదకొండు వేయుడు’ అని నాయొద్దకు వచ్చినవారికి ఈ సంగతి చెప్పి చెప్పి నా నోరు నొచ్చినది.

ఇక 2025లో రామ్ జగదీశ్ తీసిన ‘కోర్ట్’. పందొమ్మిదేండ్ల పేదపిల్లవాడు, పదునేడేండ్ల కలవారిబాలిక. కథాస్థలము విశాఖపట్టణము, కాలము 2013, పోక్సో చట్టము వచ్చిన తొలినాళ్లు. బాలిక యింట పెత్తనము చేయు మంగపతి ఆ చట్టముతో పిల్లవానిని బంధించును. మంగపతిగా శివాజీ చూపిన క్రూరత్వము ఎంత సహజముగ నున్నదనగా, అట్టి పెద్దమనుష్యుడు మన వీధిలో నొకడున్నాడని ప్రతివాడును అనుకొనును. ప్రియదర్శి ధరించిన జూనియరు వకీలు అరవడు, కాగితములు చదువును. మా వృత్తిలో సగము కేసులు కాగితము చదివి గెలుచునవియే గనుక నా కతడు నచ్చెను. ఈ చట్టమున 29వ సెక్షను కొన్ని నేరములలో ముద్దాయి దోషియనియే ముందుగ భావింపుమని కోర్టునకు చెప్పును. పేదపిల్లవానికి అది యెంత బరువో చిత్రము చక్కగ తెలిపినది.

అయినను ఒక కఠినమైన ప్రశ్నను ఈ చిత్రము ప్రక్కదారిని దాటినది. దోషమంతయు మంగపతి దుర్మార్గముపై మోపి, కట్టుకథ బయటపడగనే న్యాయము గెలిచినదనుట సులువు. కట్టుకథయే లేదనుకొనుడు. ఇద్దరును నిజముగ ప్రేమించి, ఒకరి నొకరు తాకియుండిరనుకొనుడు. బాలికకు పదునెనిమిదేండ్లు నిండనంతవరకు ఆమె సమ్మతి చట్టదృష్టిలో సమ్మతి కాదు. అప్పుడీ పిల్లవాని గతియేమి? 2023లో లా కమిషను తన 283వ నివేదికలో వయోపరిమితిని తగ్గింపవలదనియు, పదునారు పదునెనిమిదేండ్ల నడుమ బాలికల విషయమున శిక్షవేయుటలో న్యాయమూర్తికి కొంత విచక్షణ యీయవచ్చుననియు చెప్పినది. ఇంటిలో చర్చింపవలసినది ఇదియే. మరియొక భయము కూడ నాకు కలదు. ఈ చిత్రము చూచి పోక్సో కేసులన్నియు మంగపతులు పెట్టునవేయని తలపోయువారు లేకపోలేదు. నేనెరిగిన కేసులలో నిందితుడు తరచుగ బిడ్డకు తెలిసినవాడు, ఆ యింటికి వచ్చిపోవువాడు. తల్లిదండ్రులు ఈ చిత్రమును బిడ్డలతో కూర్చుండి చూడుడు. చూచిన తరువాత మాత్రము టెలివిజనును కట్టివేసి ఒక గంట మాటలాడుడు.

2021 నవంబరు 2వ తేదీన హాలుల ప్రసక్తి లేక నేరుగ అమెజాన్ ప్రైమ్ వీడియోలో ప్రకటింపబడి, తెలుగు మాటలతోకూడ వచ్చిన ‘జై భీమ్’ ఇంటితెర చిత్రములలో పెద్దది. జ్ఞానవేల్ దర్శకుడు, సూర్య న్యాయవాదిగా నటించెను. 1993లో తమిళదేశమున పోలీసుల చేతులలో మడిసిన ఒక గిరిజనుని భార్యకొరకు మద్రాసు హైకోర్టులో వాదించిన చంద్రుగారి అనుభవము దీనికి మూలము. ఆయన పిమ్మట ఆ కోర్టుననే న్యాయమూర్తియయ్యెను. తొలిఘట్టమును నేను నాలుగుమార్లు వెనుకకు త్రిప్పి చూచితిని. జైలునుండి విడుదలయైనవారిని ద్వారముకడనే కులమడిగి వేరుచేసి, అండలేని కులములవారిని తీరని కేసులకొరకు వేరువేరు ఠాణాలవారు పంచుకొని పోవుదురు. ఒక్క ఉపన్యాసమైన లేదు. కొన్ని జాతులకు పుట్టుకతోనే నేరమంటగట్టిన 1871 నాటి చట్టము 1952లో రద్దయినను, దాని అలవాటు ఠాణాలను వీడలేదు. స్టూవర్టుపురమను పేరు చెవిని పడగనే మన ముఖములలో కలుగు మార్పు ఆ యలవాటులోనిదే.

హెబియస్ కార్పస్ అనగా బంధించిన మనుష్యుని కోర్టుముందర నిలుపుమను ఆజ్ఞ. సాధారణముగా అందు ప్రమాణపత్రములపైననే తీర్పు జరుగును, సాక్షులను బోనెక్కింపరు. ఎమర్జెన్సీలో 1976న కేరళమున పోలీసులు కొనిపోయిన రాజన్ అను విద్యార్థికొరకు అతని తండ్రి ఈచరవారియరు 1977లో వేసిన కేసులో ఆ పద్ధతిని దాటి సాక్షులను విచారించిరి. దాని ఫలితముగా ముఖ్యమంత్రి కరుణాకరన్ గద్దె దిగవలసివచ్చెను. ఇట్టి న్యాయమర్మమును కథకు వెన్నెముకగా చేసికొని, పామరునికిని తెలియునట్లు చెప్పుట సామాన్యము కాదు. పోలీసుజీపు వెంట వచ్చుచుండ, ఎక్కుమని బ్రతిమాలినను ఎక్కక, నిండుగర్భిణియైన సెంగెని రోడ్డువెంట నడచిపోవు ఘట్టమున లిజోమోల్ జోస్ ఒక్కమాటయు పలుకదు. ఈ చిత్రమున వకీలుకంటె ఆమె పెద్దది. లోపము లేకపోలేదు: లాకప్పుహింసను తట్టుకొనలేనంత దీర్ఘముగ చూపిరి, అవసరములేనిచోట సంగీతము మనచే ఏడ్పింప చూచును.

నన్ను కలవరపెట్టునది మరియొకటి. ఒక తల్లి కుమారుడు చిన్న దొంగతనపు కేసులో రిమాండులో నుండెను. ఆమె రెండు పాడిగేదెలను అమ్మి, ‘బాబూ, సినిమాలో లాగ గట్టిగా అరిచి వాదించే వకీలు కావాలి’ అని తిరిగి, పట్నమున ఒకనిని కుదుర్చుకొనెను. ఆయన రెండు వాయిదాలకు వచ్చెను, మూడవదానికి రాలేదు. నిర్బంధములో నున్నవానికిని, స్త్రీలకును, బిడ్డలకును, షెడ్యూలు కులములు తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేక ప్రభుత్వవ్యయముతో న్యాయవాదిని ఈయవలెనని 1987 నాటి న్యాయసేవల చట్టము చెప్పుచున్నది. 15100 అను నంబరునకు ఫోను చేసినను చాలును. ఈ సంగతి ఆ తల్లికి తెలియదు. గేదెలు పోయిన తరువాత తెలిసెను. ఆ చట్టము క్రింద వచ్చు వకీలు సూర్యవలె నుండడు. అతని నల్లకోటు వెలిసియుండును, అతనికి ముట్టునది స్వల్పము. కాని అతడు వచ్చును. రాకున్నచో, ఎందుకు రాలేదని జిల్లాన్యాయసేవల సంస్థను అడుగుటకు మనకు నోరు కలదు. బీహారు జైళ్లలోని విచారణఖైదీలను గూర్చి పత్రికలో చదివి, 1979లో సుప్రీముకోర్టు తలుపు తట్టిన కపిలా హింగోరాణీ ఏ కథానాయకుని పోలియుండెను?

కడపట, పదేండ్లు దాటినను నాకు వీటన్నిటికంటె క్రొత్తగ తోచిన మరాఠీ ‘కోర్ట్’. 2014లో చైతన్య తమ్హాణే తీసెను. ఆ యేటి ఉత్తమచిత్రమునకు జాతీయ పురస్కారము పొందెను. ముంబైలో ఒక వృద్ధ గాయకుని పాట విని మురుగుకాలువల పనివాడొకడు ఆత్మహత్య చేసికొనెనని కేసు. చచ్చినవాని భార్య సాక్ష్యమే ఈ చిత్రమునకు గుండెకాయ: వాడు మ్యాన్‌హోలులో దిగుటకు ముందు రాయి విసరునట, బొద్దింక బయటికి వచ్చినచో లోపల గాలి యున్నట్లు గుర్తట. ఎవరును ఏడ్వరు, కెమెరా కదలదు. పబ్లిక్ ప్రాసిక్యూటరు సాయంకాలము ఇంటికిపోయి వంట చేయును. చేతులు లేని రవిక తొడిగివచ్చిన స్త్రీ కేసును న్యాయమూర్తి పిలువనొల్లడు. దుష్టుడెవడును లేడు, వీరుడెవడును లేడు. వాయిదా మాత్రము ఉన్నది. మేము ప్రతిదినము పని చేయు స్థలమిదియే.

తుదిలో ముసలిగాయకుడు మరల అరెస్టగును. జామీను తిరస్కరింతురు, ఆనాటితో కోర్టునకు వేసవిసెలవులు. గదిలోని దీపములు ఒక్కొక్కటిగా ఆరిపోవును. పిమ్మట న్యాయమూర్తి విహారస్థలమున తోటలోని బల్లపై కునుకు తీయుచుండ, పిల్లలు కొందరు దరికి చేరి కేక వేయుదురు. ఆయన ఉలికిపడి లేచి, చేతికందిన వానిని చెంపపై కొట్టి, మరల కన్నులు మూయును. సెలవుల తరువాత గాయకుని కేసు ఏమైనదో చిత్రము చెప్పదు.